గోడమీది వ్రాత

2024వ సంవత్సరము క్రిస్మస్‌కు ముందటి ఆదివారము సాయంకాలము మా సంఘములో పిల్లల కార్యక్రమము జరిగింది. పాటలు అందరికీ కనబడవలెనని ప్రొజెక్టరు అద్దెకు తెచ్చాము. ఇంటిలో లాప్‌టాప్ లేదు గనుక మా అబ్బాయి తాను ఆటలాడుకొను కంప్యూటరునే చెల్లెలితో కలిసి మోసుకొని వచ్చాడు. చర్చి గోడకు తెల్లని దుప్పటి కట్టాము. పిల్లలు చక్కగా పాడారు. పాట వెంట పాట మారుచున్నది గాని, దుప్పటి కుడివైపు క్రింది మూలలో బూడిదరంగు ఇంగ్లీషు అక్షరములు మాత్రము ఎంతకీ కదలలేదు. ‘యాక్టివేట్ విండోస్’ అని అక్కడ వ్రాసియున్నది.

కార్యక్రమమైన తరువాత ముందు వరుసలో కూర్చున్న ఒక అవ్వ మమ్మును ఆపి, “అయ్యగారూ, ఆ మూలన ఇంగ్లీషులో రాసింది ఏ వాక్యమండీ?” అని అడిగింది. మేము ఏదో చెప్పి తప్పించుకొన్నాము. వెనుక బెంచీలో బెంగళూరునుండి సెలవులకు వచ్చిన మా సంఘస్థుల కుమారుడొకడు నోటికి చేయి అడ్డము పెట్టుకొనుట మా కంటబడనే పడింది. అందరు వెళ్ళిన తరువాత అతడు వైర్లు చుట్టుటకు సాయము చేయుచు, “అయ్యగారూ, ఏమీ అనుకోకండి. అది కొన్న విండోస్ కాదండీ. కాపీ. ఇన్నాళ్ళకు అదే బయటపెట్టేసింది” అన్నాడు.

దానియేలు గ్రంథములోని విందుశాలలో గోడమీద వ్రాత కనబడినప్పుడు ఆ రాజు మోకాళ్ళు ఒకదానితో ఒకటి కొట్టుకొనెనని మేము ఎన్నిసార్లు బోధించియుంటిమో లెక్క లేదు. మా మోకాళ్ళు కొట్టుకొనలేదు గాని, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఈ కంప్యూటరు మా యింటికి వచ్చిన విధము చెప్పవలెను. 2023లో మా వాడు పదవ తరగతి మంచి మార్కులతో ప్యాసై పాలిటెక్నిక్‌లో చేరినప్పుడు, హైదరాబాదులోనున్న వాని మేనమామ తన స్నేహితునివద్ద పాతది కొని పంపాడు. దాని ప్రాసెసరు 2013 నాటి నాలుగవ తరము ఐ5. ఆటలు ఆడించు గ్రాఫిక్స్ కార్డు 2016 నాటి జీటీఎక్స్ 1050 టీఐ. పాతదే గాని మా యింటికి అది మహా గొప్ప వస్తువు. అమ్మినవారు డిస్కు తుడిచి యిచ్చారు గనుక, పట్నములో ఒక అంగడికి తీసికొనిపోయాము. వారు ఒక పూటలో విండోస్ 10, ఆఫీసు, పదకొండు ఆటలు అన్నీ వేసి, మా పాత కంప్యూటరులోని పేజ్‌మేకరును కూడ దీనిలోకి మార్చి, అయిదువందల రూపాయలు తీసికొన్నారు. అయిదువందలకు ఇన్ని ఎట్లు వచ్చెనని మేము అడుగలేదు. అడిగితే జవాబు తెలియునని అడుగలేదేమో.

తరువాత మా వాడు వివరించగా తెలిసినదేమనగా, పెద్ద కంపెనీలు తమ ఆఫీసులలోని వందల కంప్యూటర్లకు విండోసును ఒకేచోటనుండి తెరచుకొనుటకు ఒక ఏర్పాటున్నది. దానిని అనుకరించు ఒక చిన్న ప్రోగ్రాము ఈ కంప్యూటరులో పెట్టారు. అది దొంగ తాళపుచెవి వంటిది. ఆ తాళము నూట ఎనుబది దినములకు మరల తెరవవలెను. మా యింట వైరస్‌ను పట్టు ప్రోగ్రాము ఒకనాడు ఈ తాళపుచెవినే దొంగ సరుకని గుర్తించి తీసివేసినది. గడువు ముగిసినది. వ్రాత కనబడినది. మన దేశములో 1957 నాటి కాపీరైటు చట్టమునకు 1984లో చేసిన సవరణతో కంప్యూటరు ప్రోగ్రాములను కూడ గ్రంథములతో సమానముగా లెక్కించారు. అనగా అది అచ్చువేసినవాని అనుమతి లేక పుస్తకమును దొంగతనముగా అచ్చొత్తుకొనుటే. ఊరిలో అందరి కంప్యూటర్లలోను అదే యున్నదని మా మనస్సు మాకు నచ్చజెప్పింది. దొంగతనమును గూర్చిన ఆజ్ఞను వివరించునప్పుడు ఇదే సాకు చెప్పినవారిని మేము ఎంత నిలదీశామో కూడ ఆ మనస్సే గుర్తుచేసింది.

విండోస్ కొందమని ముందు అనుకొన్నాము. ధర కనుగొంటే అది మా నెల జీతములో సగము దాటుచున్నది. పైగా మా వాడు ఇంకొక మాట చెప్పాడు. విండోస్ 10కు రక్షణ సవరణలిచ్చుట 2025 అక్టోబరు 14తో ఆగిపోవునట. దాని తరువాతి విండోస్ 11 వేయవలెనంటే టీపీఎం 2.0 అను భద్రతా భాగము కావలెను, ఇంటెల్ ప్రాసెసరైతే సాధారణముగా ఎనిమిదవ తరము లేక ఆ పైది కావలెను. మాది నాలుగవ తరము. బాగుగా పనిచేయుచున్న పెట్టెను పారవేసి వేరొకటి కొనుమన్నట్టే. మా సతీమణి విని, “పాలిచ్చే గేదెను ఎవరైనా వట్టిపోయిందంటారా?” అన్నది.

బెంగళూరు అబ్బాయి వెళ్ళకముందు ఒక మార్గము చెప్పాడు. లైనక్స్ వేసికొనుడని. ఆ పేరు వినని పాఠకులుందురు గనుక నాలుగు మాటలు చెప్పెదము. ఫిన్లాండు దేశములో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థియైన లైనస్ టోర్వాల్డ్స్ అను ఇరువది యొక్క ఏండ్ల యువకుడు 1991లో దీనిని ప్రారంభించాడు. అంతకు ముందే 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్మన్ అనునతడు, ప్రోగ్రాములు అందరు వాడుకొనుటకు, లోపల ఎట్లున్నవో చూచుటకు, మార్చుకొనుటకు, పొరుగువానికి పంచుటకు స్వాతంత్ర్యముండవలెనని గ్నూ అను పని మొదలుపెట్టాడు. ఆ రెండును కలిసినవి. ఇది మనకు దూరపు వస్తువు కాదు. మీ చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనుకు మూలమైనది లైనక్సే. మన పొరుగున కేరళలో ప్రభుత్వ పాఠశాలల పిల్లలు ఎన్నో ఏండ్లుగా లైనక్స్ మీదనే కంప్యూటరు నేర్చుకొనుచున్నారు. ఇంగ్లీషులో వెల లేనిదానికి, కట్టు లేనిదానికి ఒకటే మాట గనుక వారు ఎంతో వివరించవలసి వచ్చినది. మన తెలుగులో ఉచితము వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాదులో ఈ పని చేయు సంస్థ ఒకటి స్వేచ్ఛ అనియే పేరు పెట్టుకొన్నది.

ఇక్కడ మేము ఒక సంగతి ఒప్పుకొనవలెను. లైనక్స్‌లో ఆటలు సాగవని ఎవరో అనగా విన్నాము. ఆ మాట విని మా మనస్సు సంతోషించింది. వాడు రాత్రి పదకొండు వరకు ఆ తుపాకుల ఆట ఆడుచుండుట మాకిష్టము లేదు. ఒక దెబ్బతో దొంగ విండోసు పోవును, ఆటలును పోవును అనుకొన్నాము. పైకి మాత్రము న్యాయమును గూర్చియే మాట్లాడాము. వానిని కూర్చుండబెట్టి, దొంగసొత్తు మన యింట ఉండకూడదని, వేసవి సెలవులలో అంతయు తీసివేయవలెనని చెప్పాము.

వాడు తల వంచుకొని విన్నాడు. కొంతసేపటికి, “సరే నాన్నగారూ. మరి మీ పేజ్‌మేకర్ కొన్నదేనా?” అన్నాడు.

మేము వేదాంత డిప్లొమా చదువుచున్న దినములలో, 2004లో, అచ్చుపని నేర్చుకొంటే సంఘమునకు పనికివచ్చునని ఒక డీటీపీ సెంటరులో పేజ్‌మేకరు నేర్చుకొన్నాము. ఈ సంఘమునకు వచ్చిన 2016 జూను మొదలు ప్రతి నెల నాలుగు పేజీల కరపత్రము మేమే కూర్చి జిరాక్సు తీయించి పంచుచున్నాము. వివాహములు, బాప్తిస్మములు, మరణములు, స్త్రీల మైత్రి కూటముల వార్తలు అన్నియు అందులోనే. ఆ పేజ్‌మేకరు గాని, దానిలోని తెలుగు అక్షరములు గాని ఏనాడును ఎవరికిని మేము పైకము చెల్లించి కొన్నవి కావు. వాని ప్రశ్నకు మావద్ద జవాబు లేదు. సతీమణి వంటింటిలోనుండి తొంగిచూచి, ఏమియు అనక లోపలికి వెళ్ళిపోయింది. అనియుంటే బాగుండును.

2025 మే నెలలో పని ప్రారంభమైనది. లైనక్స్‌లో అనేక రకములున్నవి. క్రొత్తవారికి సులువని లైనక్స్ మింట్ అనునది ఎంచుకొన్నాము. అది 2006లో మొదలైనది. మేము వేసికొన్న 22వ రకమునకు 2029 వరకు సవరణలు వచ్చును. ఫైలు సుమారు మూడు జీబీ. ఫోనులో రోజుకు మాకు వచ్చునది జీబీన్నర మాత్రమే. మొదటి రాత్రి మా ఫోను, తరువాత సతీమణి ఫోను పెట్టి, డాబా మీద సిగ్నలు దొరుకుచోట కూర్చుండి, రెండు రాత్రులలో దింపాడు. ఎనిమిది జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. ఇందులో మాకు నచ్చినదేమనగా, కంప్యూటరులో ఏమియు చెరపకుండ, ముందు పెన్‌డ్రైవునుండియే నడిపి చూచుకొనవచ్చును. మౌసు కదలినదా, శబ్దము వచ్చినదా, ప్రింటరు పలికినదా అని చూచిన తరువాతనే వేసికొనవచ్చును. కొత్త ఎద్దును కొనకముందు నాలుగు చాళ్ళు దున్ని చూచుకొన్నట్లు.

ఫొటోలు, ప్రసంగపు కాగితములు అన్నియు వేరొక డిస్కులోకి ఎత్తి పెట్టి, ఒక శనివారము ఉదయము ప్రార్థన చేసికొని మీట నొక్కాము. అరగంటయైనను పట్టలేదు. తెర మొదట మసకగా వచ్చింది. దానిలోనే ‘డ్రైవర్ మేనేజర్’ అని ఒకటున్నది. గ్రాఫిక్స్ కార్డునకు కావలసినది దానినుండి ఎంచుకొని, మరల ఆరంభించగా తెర తేటగా వెలిగినది. ప్రింటరు మాత్రము ఒక సాయంకాలమంతయు విసిగించినది.

మా రహస్య ఆశ నెరవేరలేదు. ఆటలు సాగినవి! విండోస్ కొరకు చేసిన ఆట లైనక్స్‌లో ఎట్లు సాగునని అడిగితే మా వాడు చెప్పిన సంగతి మాకు చప్పున బోధపడింది. మన సభలకు విదేశీ ప్రసంగీకుడు వచ్చినప్పుడు ప్రక్కన అనువాదకుడు నిలువబడును గదా. ఆయన ఒక మాట అనగానే ఈయన తెలుగులో చెప్పును. వినువారికి ఆలస్యము తెలియదు. అట్లే ఆట విండోసును ఏదైనా అడిగినప్పుడు, మధ్యలో ఒక ప్రోగ్రాము దానిని లైనక్స్ మాటలలోనికి మార్చి అడుగును. 1993లో వైన్ అను పేరుతో ఈ పని ఆరంభమైనది. స్టీమ్ అను ఆటల దుకాణము నడుపు వాల్వ్ కంపెనీ దానిని ఆటల నిమిత్తము మెరుగుపరచి, 2018 ఆగస్టులో ప్రోటాన్ అని విడుదల చేసింది. 2022లో అదే కంపెనీ చేతిలో పట్టుకొని ఆడు స్టీమ్ డెక్ అను యంత్రమును లైనక్స్ తోనే అమ్ముట మొదలుపెట్టగా ఈ అనువాదకుడు ఇంకను ఆరితేరినాడు. స్టీమ్‌లో ఒక చోట గుర్తు పెట్టితే చాలినది, మిగిలినది అదే చూచుకొన్నది.

పదకొండు దొంగ ఆటలు పోయినవి. వాడు తన బస్సు డబ్బులలో మిగిల్చి, తగ్గింపు ధర ప్రకటించినప్పుడు రెండు కొన్నాడు. కౌంటర్ స్ట్రైక్ 2 అనునది కొననక్కరలేదు, లైనక్స్‌లో నేరుగానే సాగును. అది కూడ తుపాకులదే, ఏమి చేయుదుము? కొన్నవాటిలో ఒకటి స్టార్‌డ్యూ వేలీ. 2016లో ఒక్క మనిషి కూర్చుండి తయారుచేసిన వ్యవసాయపు ఆట. విత్తనములు వేయుట, నీళ్ళు పోయుట, పంట కోసి అమ్ముట. మా సతీమణి రైతు బిడ్డ. ఒకనాడు వాని వెనుక నిలువబడి చూచి, “కాలువ నీళ్ళ కోసం తగాదా లేదు, కరెంటు కోత లేదు, ధాన్యం కొనేవాడు ఎప్పుడూ తయారే. ఇదేం వ్యవసాయం రా?” అన్నది. అయినను ఇప్పుడు సాయంకాలము వంట కాకముందు ఒక అరగంట ఆమెయే ఆడుచున్నది. కోళ్ళ గూడు కట్టింది.

అయితే వానికి ప్రాణమైన ఆట మాత్రము పోయినది. వాలరెంట్ అను ఆట. అయిదుగురు ఒక జట్టు. పాలిటెక్నిక్ స్నేహితులు నలుగురు, వీడు అయిదవవాడు. ఆ ఆటలో మోసము చేయువారిని పట్టుటకు ఒక కావలి ప్రోగ్రాము కంప్యూటరు అంతరంగములోనికి వెళ్ళి కూర్చుండును. అది విండోస్ మీదనే గాని లైనక్స్ మీద సాగదు. అనువాదకుడు ఎంత గట్టివాడైనను అక్కడ పనికిరాడు. స్నేహితులు మొదటి వారమంతయు రాత్రి తొమ్మిదింటికి ఫోను చేసి, “రారా, నలుగురమే ఉన్నాం” అని పిలిచారు. రెండవ వారములో వేరొకనిని కలుపుకొన్నారు. తరువాత ఫోను మ్రోగలేదు.

వాడు డాబా మీద ఒంటరిగా కూర్చుండుట మేము చూచాము. అప్పుడు మాకు విజయమన్న భావము కలుగలేదు. మేము కోరుకొన్నది ఇదియే గదా? అయినను పదిహేడేండ్ల పిల్లవాడు తాను చేయని తప్పు నిమిత్తము తన జట్టును పోగొట్టుకొన్నాడు. ఆ దొంగ సరుకు వేయించినది మేము. అయిదువందలు ఇచ్చినది మేము. గోడమీద మా తప్పు కనబడినది, వెల మాత్రము వాడు చెల్లించాడు. కొన్నాళ్ళకు, విండోస్‌కు కొంత కూడబెట్టి యిత్తుము, నీ ఆట నీవు ఆడుకొనుమని చెప్పాము. వాడు లెక్కవేసి, “వద్దులెండి నాన్నగారూ. ఈ పెట్టెకు కొత్తది ఎక్కదు. అక్టోబరు తర్వాత పాతది కొన్నా దండగే” అన్నాడు. అది కేవలము లెక్కయో, మమ్మును ఊరడించుటయో ఇప్పటికిని తెలియదు.

పేజ్‌మేకరు లేక మేము పడిన పాట్లు వాని పాట్లకు సమానము కావు గాని, కొంచెము చెప్పుదుము. దానికి బదులు లిబ్రె ఆఫీసు అనునది మింట్‌తోనే వచ్చినది. తెలుగు అక్షరములు సురన్న, మండలి, రామభద్ర, గిడుగు అను పేర్లతో ఎవరైనను ఉచితముగా, న్యాయముగా వాడుకొనునట్లు దొరికినవి. గిడుగు అక్షరములు ముద్దుగా నున్నవి. చిక్కు ఎక్కడనగా, మా పాత అక్షరములు నిజముగా తెలుగు కావు. ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు బొమ్మలు పెట్టిన పాత పద్ధతివి. ఆ బొమ్మలు తీసివేయగానే తొమ్మిదేండ్ల కరపత్రములు, నూట ఎనిమిది, అర్థములేని ఇంగ్లీషు గుర్తులుగా మారినవి. ఇప్పటి యూనికోడ్ పద్ధతిలో ‘క’ అను అక్షరమునకు ప్రపంచమంతటికి ఒకే సంఖ్య. ఏ కంప్యూటరులోనైనను, ఏ ఫోనులోనైనను అది ‘క’యే. ఫోనులో పంపిన కరపత్రమును అమెరికాలోనున్న మా సంఘస్థుల పిల్లలు కూడ ఇప్పుడు తెరచి చదువుచున్నారు.

కీబోర్డు కూడ మరల నేర్చుకొనవలసి వచ్చినది. ఇన్‌స్క్రిప్ట్ అను పద్ధతి. అచ్చులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి. ఇరువది యేండ్ల అలవాటుగల వ్రేళ్ళు మాట వినవు. జూను నెల కరపత్రమునకు నాలుగు రాత్రులు పట్టింది. అందులో ‘వివాహము’ అనునది మూడుచోట్ల తప్పు పడి, పెండ్లికుమార్తె తండ్రికి మేము క్షమాపణ చెప్పవలసి వచ్చింది. మా వాడు ప్రక్కన కూర్చుండి, “నాన్నగారూ, ఆ వ్రేలు కాదు” అని ఎంతో ఓర్పుగా నేర్పాడు. వానికి లెక్కలు నేర్పునప్పుడు మాకు అంత ఓర్పుండినట్లు జ్ఞాపకము లేదు.

2025 క్రిస్మస్‌కు మరల ప్రొజెక్టరు తెచ్చాము, అదే దుప్పటి కట్టాము. తెలుగు పాట గిడుగు అక్షరములలో పెద్దగా కనబడింది. అవ్వ అదే ముందు వరుసలో కూర్చున్నది. ఈసారి కుడివైపు మూలను చూచి, “పోయినేడు అక్కడేదో ఉండేదే అయ్యగారూ” అన్నది. ఆమెకు మేము ఇంటికి వెళ్ళి కూర్చుండి అంతయు చెప్పాము. ఆమె విని, “అయితే అది వాక్యం కాదన్నమాట” అని, కాఫీ పెట్టుటకు లేచింది.

పాత కరపత్రముల అచ్చు ప్రతులు సంఘపు బీరువాలో భద్రముగా నున్నవి. తొమ్మిదవ తరగతి చదువుచున్న మా అమ్మాయి వాటిని ఒక్కొక్కటిగా యూనికోడ్‌లో తిరిగి టైపు చేయుచున్నది. పేజీకి పది రూపాయలని మాతో బేరమాడుకొన్నది. ఇప్పుడు 2019 జూలైది ఆమె ముందున్నది. అది ముప్పది యెనిమిదవది.